బ్రెగ్జిట్ చర్చ: వలసలు తగ్గిస్తామని యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చారు, మరి తగ్గింది ఏంటి?

#1 బోస్టన్ నర్సమ్మ (లింకన్‌షైర్)

అందరికీ నమస్తే. ఈ 2025 నవంబరులో వచ్చిన లెక్కలు చూసే ఉంటారు. 2025 జూన్‌తో ముగిసిన ఏడాదికి బ్రిటన్ నికర వలస 2,04,000. వచ్చినవాళ్లలోంచి వెళ్లిపోయినవాళ్లని తీసేస్తే మిగిలిన సంఖ్య అది. 2023 మార్చితో ముగిసిన ఏడాదికి ఇదే లెక్క 9,44,000. నిన్న మా వార్డులో టీ తాగుతుంటే ఒకావిడ "మొత్తానికి బ్రెగ్జిట్ పనిచేసింది" అంది. నాకు మనసు ఒప్పలేదు. ఆ తొమ్మిది లక్షల మంది వచ్చింది కూడా బ్రెగ్జిట్ తర్వాతే కదా.

నేను పదేళ్లుగా బోస్టన్‌లో ఉంటున్నాను. అమెరికా బోస్టన్ కాదు, లింకన్‌షైర్‌లో ఉన్న చిన్న ఊరు. 2016 జూన్ 23న బ్రెగ్జిట్ మీద జరిగిన ఓటింగ్‌లో దేశం మొత్తం మీద 51.9 శాతం మంది బయటికి వెళ్దామంటే, మా ఊళ్లో 75.6 శాతం. దేశంలో అదే అన్నిటికన్నా ఎక్కువ. ఎందుకో ఇక్కడ ఉంటే అర్థమవుతుంది. చుట్టూ చదునైన నల్ల నేల. క్యాబేజీ, కాలీఫ్లవర్, బంగాళాదుంప. 2004లో పోలండ్, లిథువేనియా లాంటి దేశాలు యూనియన్‌లో చేరినప్పుడు జర్మనీ, ఫ్రాన్స్ ఏళ్ల తరబడి తలుపు వేసుకుని కూర్చున్నాయి. బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మొదటి రోజే తెరిచేశాయి. ఏడాదికి 13,000 మందికి మించి రారని ప్రభుత్వం వేయించిన అంచనా. తర్వాత వచ్చింది లక్షల్లో.

ఇంకా చీకటి ఉండగానే రోడ్డు పక్కన వాళ్లు మినీబస్సు కోసం నిలబడి ఉండేవాళ్లు. పసుపు రెయిన్‌కోట్లు, చేతిలో టిఫిన్ సంచి. ఒక లిథువేనియా అమ్మాయి కాలీఫ్లవర్ కోసే కత్తి తెగి మా దగ్గరికి వచ్చింది. ఏడు కుట్లు వేశాం. మర్నాడు సెలవు పెట్టమంటే, రాకపోతే ఆ రోజు కూలి పోతుందంది. ఆ అమ్మాయి 2019లో వెళ్లిపోయింది. ఇప్పుడు అవే పొలాల్లోకి ఆరు నెలల సీజనల్ వీసా మీద కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్ పిల్లలు వస్తున్నారు. సీజన్ అయిపోగానే వెళ్లిపోవాలి.

ఇంకో మాట. 2016లో నాది ఇండియన్ పాస్‌పోర్టే, అయినా ఓటు వేశాను. కామన్వెల్త్ పౌరులకి ఆ ఓటు ఉంది. నాకన్నా ఎంతో ముందు నుంచి ఇక్కడ ఉంటున్న పక్కింటి పోలండ్ ఆవిడకి లేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

బయటికొచ్చి ఈ దేశం ఏం బాగుపడింది? వలస మీద, సంపాదన మీద మీరు చూసింది చెప్పండి.

#2 రెడింగ్ శ్రీను

అక్కా, నేను వేరేగా ఆలోచిస్తాను. 9 లక్షలు అన్నది ఏ దేశమైనా మోయగలిగే సంఖ్యేనా? మా పాపకి డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ దొరకక ఎనిమిది నెలలైంది. 2021లో మేము 1,050 పౌండ్లకి ఉన్న రెండు గదుల ఫ్లాట్ ఇప్పుడు 1,500. ఏడాదికి 3 లక్షల ఇళ్లు కడతామని వెనకటి ప్రభుత్వం చెప్పింది, ఒక్క ఏడాది కూడా కట్టలేదు. ఇళ్లు పెరగకుండా మనుషులు పెరిగితే అద్దె పెరగక ఏమవుతుంది? ఇది జాతి ద్వేషం కాదు, నేనూ వలస వచ్చినవాడినే. ఇప్పుడు పార్లమెంటు అనుకుంది, రూల్ మార్చింది, సంఖ్య దిగింది. యూనియన్‌లో ఉండి ఉంటే ఆ మీట వాళ్ల చేతిలో ఉండేది కాదు.

ఇంకోటి, లారీ డ్రైవర్ల జీతాలు. 2021లో పెంచారు కదా? పోలండ్ డ్రైవర్లు ఉన్నంతకాలం ఎందుకు పెంచలేదు?

#3 రాజమండ్రి మాస్టారు

శ్రీను గారూ, అద్దె విషయంలో మీతో ఏకీభవిస్తాను. జనాభా లెక్క చూసి ఇళ్లు కట్టకపోవడం పాలకుల తప్పు, దాని బరువు అద్దెకుండేవాళ్ల మీద పడుతోంది. లారీల దగ్గర మాత్రం ఆగాలి.

మా వైపు మిర్చి కోతలే తీసుకోండి. గుంటూరు, ఖమ్మం చేలల్లోకి ఛత్తీస్‌గఢ్ నుంచి, కర్నూలు నుంచి కూలీలు వస్తారు. ఒక ఏడాది వాళ్లు రాలేదనుకోండి. కూలి రేటు పెరుగుతుంది, నిజమే. కానీ డిగ్రీ చదివిన గుంటూరు కుర్రాడు సంచి కట్టుకుని కోతకి దిగుతాడా? కొంత కాయ చెట్టునే ఎండుతుంది. వచ్చే ఏడాది రైతు మిర్చి వేయడం తగ్గిస్తాడు. అప్పుడు కోతే కాదు, ట్రాక్టరు కిరాయి, యార్డులో హమాలీ పని, గోనె సంచుల వ్యాపారం, అన్నీ తగ్గుతాయి. పనులనేవి బుట్టలో లెక్కపెట్టి ఉంచిన కాయలు కావు, ఒకడు తీసుకుంటే ఇంకొకడికి తగ్గిపోవడానికి. వచ్చినవాడు తింటాడు, కట్టుకుంటాడు, అద్దె కడతాడు. పని పనిని పుట్టిస్తుంది.

2021 సెప్టెంబరులో బ్రిటన్‌లో జరిగింది అదే. డ్రైవర్లు చాలక పెట్రోలు బంకులకి సరుకు అందలేదు, జనం కార్లతో క్యూ కట్టారు. అప్పటికప్పుడు 5,000 మంది లారీ డ్రైవర్లకి, 5,500 మంది కోళ్ల పరిశ్రమ కార్మికులకి క్రిస్మస్ దాకా తాత్కాలిక వీసాలు ప్రకటించారు. డ్రైవర్లుగా వచ్చినవాళ్లు చాలా తక్కువ. మూడు నెలల కోసం ఉన్న ఉద్యోగం వదులుకుని ఎవరొస్తారు? డ్రైవర్ల కొరతకి కోవిడ్ వల్ల ఆగిన లైసెన్స్ పరీక్షలు కూడా కారణమే, అంతా బ్రెగ్జిట్ నెత్తిన పెట్టను.

జీతాల మీద 2018లో ఒక పెద్ద నివేదిక వచ్చింది. మైగ్రేషన్ అడ్వైజరీ కమిటీ అని ప్రభుత్వానికి సలహా ఇచ్చే సంఘం. యూరప్ వలస వల్ల ఇక్కడ పుట్టినవాళ్ల ఉద్యోగాల మీద, జీతాల మీద మొత్తంగా పడిన ప్రభావం చాలా తక్కువని తేల్చింది.

#4 స్లౌ డాక్టరు

నేను బయటికి వెళ్దామని ఓటు వేసినవాణ్ణి. ఇక్కడ చాలామందికి నచ్చదు, అయినా చెప్తాను. మా స్లౌలో 54.3 శాతం అలాగే వేశారు, అందులో మన దేశం వాళ్లు బోలెడంత మంది.

నేను కాకినాడలో ఎంబీబీఎస్ చేసి, బయటి దేశాల డాక్టర్లు రాసే ప్లాబ్ పరీక్ష రాసి ఇక్కడికి వచ్చాను. 2006 ఏప్రిల్‌లో ఒక్క రోజులో రూల్ మార్చారు. అప్పటిదాకా వర్క్ పర్మిట్ లేకుండా ట్రైనింగ్‌లో చేరే వీలు ఉండేది, అది తీసేశారు. ఇకమీదట బ్రిటన్, యూరప్ డాక్టర్లు దొరకనప్పుడే మాకు పోస్టు. వేలమంది ఇండియా డాక్టర్లు రోడ్డున పడ్డారు. ఈస్ట్‌హామ్‌లో ఒక్క గదిలో ఆరుగురం ఉండేవాళ్లం, గురుద్వారాకి వెళ్లి భోజనం చేసిన రోజులున్నాయి. భారత సంతతి డాక్టర్ల సంఘం బాపియో కోర్టుకెళ్తే, 2008లో అప్పటి పై కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ మా వైపు తీర్పు ఇచ్చింది. అప్పటికే చాలామంది తిరిగెళ్లిపోయారు.

అదే సమయంలో యూరప్ నుంచి వచ్చే డాక్టరుకి ప్లాబ్ లేదు. 2014 దాకా వాళ్లకి ఇంగ్లీషు వచ్చో రాదో పరీక్షించే అధికారం కూడా జనరల్ మెడికల్ కౌన్సిల్‌కి సరిగ్గా లేదు. 2012 నుంచి మన వాళ్లు భార్యని తెచ్చుకోవాలంటే ఏడాదికి 18,600 పౌండ్ల సంపాదన చూపించాలి. యూరప్ పౌరుడికి ఆ షరతు లేదు. ఒకే వీధిలో ఉండే ఇద్దరికి రెండు రూల్స్. నా ఓటు దాని మీద పడింది. ఎవరి మీదా ద్వేషంతో కాదు.

#5 ఈస్ట్‌హామ్ వంటిల్లు

డాక్టరు గారూ, మిమ్మల్ని తప్పుపట్టను. మా హోటళ్ల వాళ్లు కూడా చాలామంది అదే నమ్మి ఓటు వేశారు. అప్పటి మంత్రి ప్రీతి పటేల్ ప్రచారంలో చెప్పారు కదా, యూరప్ వలస ఆగితే మన దేశాల వంటవాళ్లకి దారి దొరుకుతుందని, కర్రీ హౌసులు బతుకుతాయని. తర్వాత హోం మంత్రి కూడా ఆవిడే అయ్యారు.

2021 జనవరి నుంచి వీసాలకి కొత్త పాయింట్ల పద్ధతి వచ్చింది. ఏడాదికి 25,600 పౌండ్ల జీతం చూపిస్తే వంటవాణ్ణి తెచ్చుకోవచ్చు. సరేనని నెల్లూరు నుంచి ఒక దోసె మాస్టర్‌ని తెచ్చుకున్నాం. 2024 ఏప్రిల్‌లో దాన్ని 38,700 చేశారు. 2025 జూలైలో 41,700, పైగా డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే. ఇప్పుడు వంటవాడు ఆ జాబితాలోనే లేడు. పెసరట్టు పలచగా, అంచు కరకరలాడేట్టు వేసే చెయ్యి డిగ్రీతో వస్తుందా?

వలస సంగతి అలా ఉంటే, వ్యాపారం సంగతి ఇంకా ఉంది. మేము ఆవకాయ, సున్నుండలు, పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. 2020 దాకా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న తెలుగువాళ్లకి పంపడం అంటే బర్మింగ్‌హామ్‌కి పంపినట్టే. పెట్టె కట్టడం, అడ్రసు అంటించడం, అంతే. 2021 జనవరి 1 నుంచి ప్రతి పెట్టెకీ కస్టమ్స్ డిక్లరేషన్. సరుకు కోడ్, బరువు, ఏ దేశంలో తయారైంది. కారం ఇండియా, నూనె ఇండియా, కలిపింది లండన్. మరి అది ఎక్కడి సరుకు అని రాయాలి? నెయ్యి ఉందంటే పాల పదార్థం కింద ఇంకో గొడవ. ఒక దీపావళికి పంపిన నలభై పెట్టెల్లో పదకొండు తిరిగొచ్చాయి. సున్నుండలు పొడి పొడి అయిపోయి ఉన్నాయి. ఆ ఏడాదే యూరప్‌కి పంపడం ఆపేశాం. ప్యాకింగ్‌లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లని పంపించేయాల్సి వచ్చింది. ఆ ఇద్దరూ ఇక్కడ పుట్టినవాళ్లే.

#6 రాజమండ్రి మాస్టారు

పైన వంటిల్లు వారు రాసింది పాఠం చెప్పేవాళ్లు దాచుకోవలసిన ఉదాహరణ. సుంకం సున్నా అని యూరప్‌తో చేసుకున్న ఒప్పందం మీద ఉంటుంది. కానీ కాయితం ఖర్చు సుంకం కన్నా భారం. పెద్ద కంపెనీకి దానికో డిపార్ట్‌మెంటు ఉంటుంది. నలభై పెట్టెలు పంపేవాడు మానేస్తాడు, అంతే.

బ్రిటన్ బడ్జెట్ అంచనాలు వేసే ఓబీఆర్, ప్రభుత్వం ఒత్తిడి లేకుండా లెక్క కట్టే సంస్థ. యూనియన్‌లో ఉండి ఉంటే ఉండేదానికన్నా దేశ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తక్కువగా ఉంటుందని, ఎగుమతులు దిగుమతులు రెండూ సుమారు 15 శాతం తగ్గుతాయని వాళ్ల లెక్క. 4 శాతం అంటే చిన్నగా వినపడుతుంది. అది ఒక్కసారి పోయేది కాదు, ప్రతి ఏటా జేబులోంచి పోయే డబ్బు. దాని మీద వచ్చే పన్నూ పోతుంది. 2016 బ్రెగ్జిట్ ప్రచారంలో ఎర్ర బస్సు మీద రాసిన వారానికి 35 కోట్ల పౌండ్లు ఆసుపత్రులకి వెళ్తాయన్న మాట ఎక్కడ, ఇది ఎక్కడ.

శ్రీను గారు మీట చేతికొచ్చింది అన్నారు. ఆ మీట ఎటు తిరిగిందో చూడండి. నర్సమ్మ గారు చెప్పిన ఆ 2025 జూన్ లెక్కల్లోనే యూరప్ వాళ్లు వచ్చినదానికన్నా 70,000 మంది ఎక్కువ వెళ్లిపోయారు. బ్రిటిష్ వాళ్లు 1,09,000 మంది ఎక్కువ వెళ్లారు. మిగతా ప్రపంచం నుంచి 3,83,000 మంది పెరిగారు. మూడూ కలిపితే ఆ 2,04,000.

#7 రెడింగ్ శ్రీను

మాస్టారూ, 2022, 23లో పెరిగినదాంట్లో ఉక్రెయిన్ వాళ్లు, హాంకాంగ్ వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లని రానివ్వడం మంచి పనే, ఎవరూ కాదనరు. కానీ స్టూడెంట్లు, ముసలివాళ్లని చూసుకునే పనికిచ్చే కేర్ వీసాలు? స్టూడెంట్లతో పాటు వాళ్ల డిపెండెంట్లు, అంటే భార్యాపిల్లలు. అడ్డూ అదుపూ లేకుండా వదిలేశారు. నేను కోరుకున్న అదుపు అది కాదు.

#8 కరీంనగర్ నాన్న

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మావాడికి వచ్చే సెప్టెంబరులో ఎమ్మెస్సీకి సీటు వచ్చింది. చదువయ్యాక అక్కడే ఉండి పనిచేసుకునే వీసా, పీఎస్‌డబ్ల్యూ, తగ్గించారంటున్నారు నిజమేనా? కన్సల్టెన్సీ వాళ్లు ఏం కాదంటున్నారు.

#9 రెడింగ్ శ్రీను

నిజమే అన్నా. గ్రాడ్యుయేట్ వీసా ఇప్పుడు రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి 18 నెలలు. మీవాడు అందులోకే వస్తాడు. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకి మారాలంటే కొత్తగా చదువు పూర్తయినవాళ్లకి కూడా ఏడాదికి 33,400 పౌండ్ల జీతం కావాలి, డిగ్రీ స్థాయి ఉద్యోగం కావాలి. వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జి కూడా లెక్కేసుకోండి, స్టూడెంటుకి ఏడాదికి 776 పౌండ్లు. ఇల్లు తాకట్టు పెట్టి పంపేట్టయితే మాత్రం వద్దు, ఖరాఖండిగా చెప్తున్నా.

#10 పల్నాడు పిల్ల (లెస్టర్)

చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. శ్రీను గారు కేర్ వీసాలు అడ్డూ అదుపూ లేకుండా అన్నారు. ఆ కేర్ వీసా మీద వచ్చినదాన్ని నేను.

బీఎస్సీ నర్సింగ్ చేశాను. 2023 మేలో వచ్చాను. సీఓఎస్‌కి, అంటే వీసా కోసం కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ పత్రానికి, డబ్బు తీసుకోకూడదని అప్పుడు తెలియదు. హైదరాబాద్‌లో ఏజెంటుకి 14 లక్షలు కట్టాం, నాన్న ఎకరం అమ్మాడు. వారానికి 39 గంటల పని అని కాయితం మీద ఉంది. మొదటి రెండు నెలలు 12 గంటలు కూడా ఇవ్వలేదు. తర్వాత కారు కొనుక్కుంటేనే పని అన్నారు. అప్పు చేసి పాత కారు కొన్నాను.

పొద్దున 6:40కి మొదటి ఇల్లు. తాతగారికి 91 ఏళ్లు. మనిషిని ఎత్తే హాయిస్ట్ యంత్రం పట్టీలు నడుం కింద జాగ్రత్తగా దూర్చి, లేపి, కుర్చీలో కూర్చోబెట్టాలి. పట్టీ మడత పడితే చర్మం ఒరుసుకుపోతుంది, వాళ్ల చర్మం ఉల్లిపొర లాంటిది. స్నానం, మందులు, పారిడ్జ్. అన్నిటికీ 30 నిమిషాలు. తర్వాతి ఇల్లు తొమ్మిది మైళ్లు. ఆ డ్రైవింగ్ టైముకి జీతం లేదు. రాత్రి 10కి చివరి ఇల్లు అయితే, 15 గంటలు బయట ఉండి 8 గంటల జీతం. ఒకసారి అడిగితే మేనేజరు "నీ వీసా నా చేతిలో ఉంది" అన్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు.

అక్టోబరులో మా కంపెనీకి వీసాలు స్పాన్సర్ చేసే లైసెన్స్ రద్దయింది. తప్పు వాళ్లది. లెటర్ వచ్చింది నాకు. 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేకపోతే దేశం వదలాలి. నవంబరు 12న వచ్చింది ఆ లెటర్. పాప నరసరావుపేటలో అమ్మ దగ్గర ఉంది. వీడియో కాల్‌లో నన్ను అక్కా అంటోంది.

నేను ఎవరి పనీ లాక్కోలేదండి. ఆ తాతగారింటికి వెళ్లడానికి ఇంకెవరూ లేరు.

#11 బోస్టన్ నర్సమ్మ

తల్లీ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నువ్వు ఒక్కదానివే కాదు. 2022 జూలై నుంచి 2024 డిసెంబరు దాకా కేర్ రంగంలో 470కి పైగా లైసెన్సులు రద్దు చేశామని ప్రభుత్వమే చెప్పింది. ఆ కంపెనీల కింద ఉన్నవాళ్లు 39,000 మందికి పైగా.

నువ్వు రాసింది చదివాక నాకు ఆ లిథువేనియా అమ్మాయి గుర్తొచ్చింది. కుట్లు విప్పడానికి వచ్చినప్పుడు చెప్పింది, పనికి తీసుకెళ్లే గ్యాంగ్‌మాస్టర్, అంటే కూలీల మేస్త్రీ, కూలి ఎగ్గొడుతున్నాడని మానేసి పక్క ఊళ్లో ప్యాకింగ్‌లో చేరానని. సోమవారం మానేసింది, బుధవారం చేరింది. ఎవరినీ అడగక్కర్లేదు, ఏ లెటరూ రాదు. పని బాగోకపోతే మానేసే హక్కు ఆమెకి ఉంది, నీకు లేదు. 2016లో మా ఊరివాళ్లు వద్దన్నది ఆ అమ్మాయిని. ఆమె స్థానంలో తెచ్చింది నోరెత్తలేని నిన్ను.

#12 రాజమండ్రి మాస్టారు

నర్సమ్మ గారు చెప్పిన చోటే అసలు అర్థశాస్త్రం ఉంది. జీతాలు పడగొట్టేది వలస కార్మికుడు కాదు, పని మానలేని కార్మికుడు. పక్క కంపెనీకి వెళ్లగలిగిన పోలండ్ మనిషి ఉన్న చోట యజమాని ఎంతోకొంత ఇవ్వక తప్పదు. వీసా తన చేతిలో ఉన్న మనిషి దొరికితే ఎందుకిస్తాడు? ఆ పక్కనే పనిచేసే బ్రిటిష్ ఆవిడ జీతమూ అక్కడే ఆగిపోతుంది.

2021–22లో ఇంగ్లండ్ కేర్ రంగంలో 1,65,000 ఖాళీలు ఉండేవి. జీతం పెంచితే నిండేవి, కానీ పెంచాలంటే కేర్‌కి డబ్బు కట్టే స్థానిక కౌన్సిళ్లకి డబ్బు కావాలి. డబ్బు ఇవ్వకుండా 2022 ఫిబ్రవరిలో వీసా తలుపు తెరిచారు. 2025 జూలైలో మూసేశారు. తలుపు తెరిచినా, మూసినా జీతం సమస్య దానంతట తీరదు.

#13 స్లౌ డాక్టరు

అమ్మా పల్నాడు పిల్లా, నిన్న రాత్రి నీ పోస్టు చదివాక 2006 నాటి గది కళ్ల ముందు తిరిగింది. అప్పుడు నాకు వచ్చినదీ ఒక లెటరే.

నేను నా ఓటు గురించి ఇప్పుడు ఏమనుకుంటున్నానో చెప్పాలి. ఇద్దరికీ ఒకే రూల్ అన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ ఆ ఒకే రూల్ ఎలా వచ్చింది? మాకు లేని హక్కు మాకు ఇవ్వలేదు. యూరప్ వాళ్లని కూడా తెచ్చి మా లైన్లో నిలబెట్టారు. ఆ తర్వాత లైనే పొడుగు చేస్తున్నారు. భార్యని తెచ్చుకోవడానికి 18,600 ఉన్నది 2024లో 29,000 అయింది. ఇప్పుడు ఐదేళ్లకి వచ్చే సెటిల్‌మెంట్‌ని, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కుని, పదేళ్లు చేస్తామంటున్నారు, కేర్ పనివాళ్లకి పదిహేను అని ప్రతిపాదన. పదిహేనేళ్లు ఒక మనిషి వీసాని యజమాని చేతిలో పెట్టడానికి నేను ఓటు వేయలేదు. అలా జరుగుతుందని ఊహించకపోవడం నా పొరపాటే. ఒప్పుకుంటున్నాను.

#14 రెడింగ్ శ్రీను

పల్నాడు చెల్లీ, "అడ్డూ అదుపూ లేకుండా" అన్నది నిన్ను కాదు. అయినా నీకు తగిలింది, క్షమించు. సంఖ్య మీద నా అభిప్రాయం మారలేదు. ఇళ్లు, ఆసుపత్రులు పెంచకుండా మనుషుల్ని తేవడం తప్పే అంటాను. కానీ తెచ్చిన మనిషికి కంపెనీ మారే హక్కు ఇవ్వాలన్నది నేను ఇంతవరకు ఆలోచించలేదు. కనీసం ఆ రంగంలో ఎక్కడైనా పనిచేసుకునే వీసా ఇవ్వొచ్చు కదా.

#15 నిర్వాహకులు

పల్నాడు పిల్ల గారి కేసు వివరాలు, కంపెనీ పేర్లు ఇక్కడ బహిరంగంగా రాయకండి. సహాయం చేయాలనుకునేవాళ్లు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి.

#16 బోస్టన్ నర్సమ్మ

బయటి దేశం నుంచి కొత్తవాళ్లని తేవడం మూసేశారు గానీ, ఇక్కడే ఉన్న కేర్ వర్కర్లు కంపెనీ మారడానికి 2028 జూలై దాకా వీలుంది. అలా మూయకముందే, మీలాంటివాళ్లని ముందు చూశాకే బయటివాళ్లని తేవాలని 2025 ఏప్రిల్‌లో రూల్ పెట్టారు. కాబట్టి ధైర్యంగా ఉండు. రెండు పనులు చెయ్. ఏ కంపెనీ పిలిచినా లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల జాబితా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంటుంది, అందులో పేరు ఉందో లేదో చూడు. తర్వాత కేర్ సంస్థలని తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్ సైట్‌లో వాళ్ల రేటింగ్ చూడు. సీఓఎస్‌కి ఒక్క పౌండు అడిగినా అక్కడితో ఆపెయ్. నీ పేస్లిప్పులు, రోటా స్క్రీన్‌షాట్లు అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకో.

పీటర్‌బరోలో నాకు తెలిసిన ఒక కేర్ హోమ్ ఉంది, నర్సింగ్ చదివినవాళ్ల కోసం చూస్తున్నారు. మెసేజ్ పెట్టాను, చూడు.

#17 ఈస్ట్‌హామ్ వంటిల్లు

చెల్లీ, లండన్ రావాల్సి వస్తే భోజనం, పడక మా ఇంట్లో. మొహమాటపడకు.

#18 పల్నాడు పిల్ల (లెస్టర్)

అందరికీ దండాలు. అక్కా, వాళ్లు ఫోన్ చేశారు. సోమవారం 11 గంటలకి ఇంటర్వ్యూ. జాబితాలో పేరు చూశాను, ఉంది. రేటింగ్ గుడ్ అని ఉంది. లెస్టర్ నుంచి ట్రైన్‌లో వస్తాను, టికెట్ తీసుకున్నాను. ఆ హోమ్ స్టేషన్‌కి నడిచేంత దూరంలో ఉందా, బస్సు ఎక్కాలా?

#19 బోస్టన్ నర్సమ్మ

బస్సు వద్దు. సోమవారం నాకు ఆఫ్. పదింటికల్లా స్టేషన్ బయట ఉంటాను, నీలం రంగు కారు. ఏమైనా తిని రా, లేకపోతే ఉప్మా తెస్తాను.